పాలమూరు బాటలో పరదేశి కుటుంబములు



కాచిగూడలో రైలెక్కి కర్నూలునకు పోవువారికి దారిలో వచ్చు స్టేషనుల పేర్లు కంఠస్థమై యుండును. ఉందానగరు, షాద్‌నగరు, జడ్చర్ల, మహబూబ్‌నగరు, వనపర్తి రోడ్డు, గద్వాల, ఇటిక్యాల, మానవపాడు, అలంపురం రోడ్డు. గద్వాలకు ముందు కృష్ణ దాటవలెను. కర్నూలునకు ముందు తుంగభద్ర దాటవలెను. ఈ రెండు నదుల నడుమ నున్న నేలను జనులు నడిగడ్డ యందురు. మానవపాడు ఈ నడిగడ్డలోని ఊరు. ఆంధ్రుల సాంఘిక చరిత్రమును మనకిచ్చిన సురవరం ప్రతాపరెడ్డిగారి ఇటిక్యాలపాడు ఈ చుట్టుపట్లనే యున్నది. నల్లరేగడి నేల, పత్తి, మిరప, ఎండకాలమున కన్ను సాగినంత మేర ఎండమావులు. 1956 వరకు గద్వాల, అలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలో నుండెను. ఆ పిమ్మట మహబూబ్‌నగరు జిల్లాలో చేరి, 2016 నుండి జోగుళాంబ గద్వాల జిల్లా అయినవి.

ఈ మార్గమున మేము పలుమార్లు ప్రయాణము చేసితిమి. ఒక సంగతి మాత్రము మాకు ఆలస్యముగా తెలిసినది. ఈ స్టేషనుల పేర్లలో కొన్ని, ఒకప్పుడు అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున గోధుమలు పండించు రైతు కుటుంబములకును కంఠస్థములై యుండెను. వారి అక్కచెల్లెండ్రు, అన్నదమ్ములు, బిడ్డలు ఈ ఊళ్ళలో కాపురముండిరి. ఉత్తరములపై ఈ పేర్లనే వ్రాసెడివారు. ఈ సాయంకాలము మేము చెప్పదలచినది ఆ కుటుంబములను గూర్చియు, వారికి మనవారితో కలిగిన స్నేహములను గూర్చియు. మతప్రచారపు మంచిచెడ్డలు వేరొక ప్రసంగమునకు చాలినంత విషయము. దానిని నేటికి ప్రక్కనుంచెదము.

వారు మెన్నొనైటు బ్రదరను అను శాఖకు చెందిన క్రైస్తవులు. ఆయుధము పట్టరాదనుట వీరి పూర్వుల నియమము. ఆ నియమము కొరకు వారు హాలెండు విడిచి ప్రష్యాకు, ప్రష్యా విడిచి దక్షిణ రష్యాకు వలసపోయిరి. రష్యాలో నిర్బంధ సైనికసేవ వచ్చునన్న భయముతో 1870 తరువాత వేలమంది కాన్సాసు మొదలైన అమెరికా రాష్ట్రములకు తరలిరి. ఇంటిలో మాటలాడునది జర్మను భాష, పుట్టిన ఊరు రష్యా, పౌరసత్వము అమెరికాది. ఇట్టివారికి తెలుగుదేశము నాల్గవ మజిలీయో, అయిదవ మజిలీయో అయినది. స్వదేశమన్న మాట వారికి తొలినుండియు సులభమైన మాట కాదు.

రష్యానుండి అబ్రహాము ఫ్రీసను, ఆయన భార్య మారియా 1889 లో మన దేశమునకు వచ్చి, అమెరికను బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పనిచేసిరి. అమెరికానుండి ఎన్. ఎన్. హీబర్టు దంపతులు 1899 లో వచ్చిరి. అనారోగ్యమువలన రెండేండ్లకే తిరిగిపోవలసివచ్చెను. తరువాత వచ్చినవారు హైదరాబాదు, శంషాబాదు, నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తులలో స్థిరపడిరి. 1937 లో మహబూబ్‌నగరు, గద్వాల కేంద్రములు బాప్టిస్టులనుండి వీరి చేతికి వచ్చినవి. 1917 లో రష్యాలో విప్లవము వచ్చినప్పుడు ఆ దేశమునుండి వచ్చిన కుటుంబముల గతి చిత్రమైనది. అక్కడినుండి రావలసిన ధనము ఆగిపోయెను. బంధువుల క్షేమసమాచారములు అందుట కష్టమయ్యెను. వారు పెరిగిన గ్రామములే కొలదికాలములో చెదరిపోయినవి. అప్పుడు వారికి మిగిలిన ఊరు, ఎండలకు మాడుచున్న మన తెలంగాణపు ఊరే.

అట్టి యింటి దినచర్య యెట్లుండెను? ఎత్తైన కప్పు, చుట్టును వసారా గల బంగళా. వసారాలో ప్రొద్దున మందుల కొరకు వచ్చినవారు, జాబులు వ్రాయించుకొన వచ్చినవారు, తగవులు తీర్పించుకొన వచ్చినవారు. లోపల భోజనపు బల్లవద్ద జర్మనో ఇంగ్లీషో, వసారాలో తెలుగు, కచ్చేరీలో ఉర్దూ. దొరగారికి మున్షీ వచ్చి తెలుగు చెప్పును. ఆ భాషలో పరీక్షయు ఇయ్యవలెను. బిడ్డలకు మున్షీ అక్కరలేదు. ఆయా ఒడిలో, వంటవాని పొయ్యి దగ్గర, తోటలో ఈడుపిల్లలతో ఆడుకొనుచు, వారికి నోరు తిరుగునప్పటికే తెలుగు వచ్చును. తండ్రి ఏండ్లు శ్రమించి నేర్చిన ళకారమును నాలుగేండ్ల కుమారుడు సరిదిద్దుట ఇట్టి యిండ్లలో వింత కాదు.

చలికాలము వచ్చినచో ఎడ్లబండ్లపై గుడారములు, వంటపాత్రలు, మందులపెట్టె ఎక్కించుకొని ఊరూర మకాము చేయుట వాడుక. దొరసానిగారికి జీతపు పట్టీలో వేరుగా ఉద్యోగము లేకపోయినను, బాలికల వసతిగృహము, కుట్టుపని, పురిటి పిలుపులు, అతిథులు, లెక్కలు, పిల్లల చదువు అన్నియు ఆమె మీదనే పడుచుండెను. నిజమైన స్నేహములు పెక్కు ఆ వంటయింటి గుమ్మముననే పుట్టెనని మా యభిప్రాయము. దొరగారి బల్లయెదుట నిలుచున్నవాడు ఏదో ఒక పనికొరకు వచ్చినవాడు. దొరసానిగారి ప్రక్కన బియ్యమేరుచు కూర్చున్న స్త్రీ బిడ్డల జ్వరముల గూర్చి, అత్తవారింటి గూర్చి మాటలాడును. పని పూర్తియైన పిమ్మటను ఆ మాట మిగిలియుండును.

వివాహము చేసికొనక, ఊరినే కుటుంబముగా చేసికొన్నవారును గలరు. డాక్టరు కాథరీనా షెల్లన్‌బెర్గు అట్టి యామె. దక్షిణ రష్యాలో 1870 లో జన్మించి, బాల్యములో కుటుంబముతో అమెరికాకు పోయి, వైద్యము చదివి, 1907 లో మన దేశమునకు వచ్చినది. నాగర్‌కర్నూలు, హైదరాబాదు, శంషాబాదులలో వైద్యము చేసి, 1945 లో ఇచ్చటనే కన్నుమూసినది. సుమారు ముప్పదియెనిమిది సంవత్సరములు! పరదాలోనున్న స్త్రీలు పరపురుషుడైన వైద్యునకు నాడి చూపుటకైన జంకు ఆ కాలమున, ఆడు డాక్టరు అనగా ఎంతటి ఊరటయో నేటి శ్రోతలు ఊహించుకొనవచ్చును. ఆ ఊరట నేడు జ్ఞాపకముగానైనను కొన్ని యిండ్లలో మిగిలియుండును.

ఇక ఆ కుటుంబముల జీవితములో మిక్కిలి కష్టమైన ఘట్టము. బిడ్డకు ఆరేడేండ్లు వచ్చినవి. బడికి పంపవలెను. ఇంగ్లీషు చదువు దగ్గరలో లేదు. ఎండలు, విషజ్వరములు ఎక్కువ. కనుక చాలమంది తమ బిడ్డలను కొడైకెనాలు కొండలకు పంపెడివారు. అచ్చట 1901 లో అమెరికను మిషనరీలు తమ బిడ్డల కొరకు ఒక పాఠశాల పెట్టిరి. 13 మంది పిల్లలతో మొదలైన ఆ బడి నేడు అంతర్జాతీయ పాఠశాలగా నడచుచున్నది. పాలమూరు నుండి మద్రాసుకు రైలు, మద్రాసునుండి దక్షిణమునకు మరియొక రైలు, ఆపై కొండ. మోటారు బాట పడకపూర్వము కాలినడకను, డోలీలలోను ఎక్కవలసినదే. ఆరేండ్ల పిల్లవానిని రైలెక్కించి, నెలల తరబడి చూడకుండుట తల్లికెట్లుండునో మేము వర్ణింపనక్కరలేదు. ఎండకాలమున వీలైనచో తల్లి కొండకు పోవును. చలికాలపు సెలవులలో బిడ్డలు ఇంటికి వచ్చెదరు. అప్పుడు బండ్ల ప్రయాణములు కూడ ఉండును గనుక, గుడారములలోని ఆ కొలది వారములే పెక్కుమంది బిడ్డలకు కన్నవారితో గడపిన బాల్యము.

ఏడెనిమిదేండ్లకొకసారి సెలవుపై ఓడలో అమెరికాకు పోయెదరు. అచ్చటి బంధువులు, “ఎట్టకేలకు ఇంటికి వచ్చితిరి!” అని కౌగిలించుకొనగా, ఆ బిడ్డలు తెల్లబోయి చూచెదరు. ఇల్లనగా వారికి వేపచెట్టు, వసారా, ఆయా. కాన్సాసులో మంచు, పరాయి ఉచ్చారణ, తమ యాటలు తెలియని తోటిపిల్లలు. వారు ఇచ్చట దొరబిడ్డలు, అచ్చట ఇండియా పిల్లలు. ఈ స్థితికి పేరు పెట్టినదియు మన దేశములో నివసించిన అమెరికనులను పరిశీలించిన పండితురాలే. రూత్ హిల్ యూసీం అను సమాజశాస్త్రవేత్త 1950 ప్రాంతములలో తన భర్తతో ఇచ్చట పరిశోధన చేసి, ఇట్టి బిడ్డలను మూడవ సంస్కృతికి చెందిన బిడ్డలని పేర్కొనినది. తల్లిదండ్రుల సంస్కృతి ఒకటి. ఉన్న దేశపు సంస్కృతి మరియొకటి. ఈ రెంటి నడుమ వారు అల్లుకొన్నది మూడవది.

ఇంతవరకు మేము చెప్పినది విని, అన్నియు మధురములే యని శ్రోతలు తలపరాదు. స్నేహమన్న మాటను కొంచెము గట్టిగా తాకి చూడవలసియున్నది. జీతమిచ్చువానికిని పుచ్చుకొనువానికిని స్నేహ మెంతవరకు సాధ్యము? ఊరిలో అంటరానివారని దూరముంచబడిన మాల, మాదిగ కుటుంబములను దొరగారు తాకి పలుకరించుట, వారి బిడ్డలను బడిలో కూర్చుండబెట్టుట ఆ కుటుంబములకు సామాన్యమైన సంగతి కాదు. తరతరముల అవమానమునకు అది ఒక జవాబు. అయినను, ఆ దొరగారి బంగళాలో భోజనపు బల్లవద్ద ఆ కుటుంబములోని పెద్దకు కుర్చీ యెన్నిమార్లు వేసిరి? ఈ ప్రశ్న అడిగినవాడు పరాయివాడు కాడు; తెలుగుదేశములో మిషనరీగా పనిచేసిన ఒక భారతీయుడే.

ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909 లో డోర్నకల్లు వచ్చి, తనకు పరాయి భాషయైన తెలుగును నేర్చి, 1912 లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు అయినాడు. 1945 జనవరి 1 న దివంగతుడగువరకు డోర్నకల్లే ఆయన ఊరు. 1910 జూను నెలలో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. సుమారు 1200 మంది ప్రతినిధులు. వారిలో ఆసియా వారు అతి కొలదిమంది. ఆ సభలో అజరయ్య లేచి, పాశ్చాత్య మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత చెప్పుచునే, వారు భారతీయ సహోద్యోగులను సమానులుగా చూచుటలేదని నిర్మొహమాటముగా చెప్పెను. త్యాగము, ధర్మము చాల చేసితిరి; ప్రేమను కూడ అడుగుచున్నాము, స్నేహితులను ఇండు అన్నది ఆయన మాటల సారాంశము. సభలో కొందరు నొచ్చుకొనిరి. ఆ మాట మాత్రము నూరేండ్లు దాటినను చావలేదు.

అజరయ్య ఈ మాటను స్నేహము రుచి తెలిసియే చెప్పెనని గమనింపవలెను. యువజన క్రైస్తవ సంఘములో తనతో కలిసి పనిచేసిన షెర్వుడు ఎడ్డీ అను అమెరికను ఆయనకు జీవితాంత మిత్రుడు. మేమింతకుముందు చెప్పిన కొడైకెనాలు బడికి మొదటి నిర్వాహకురాలు ఆ షెర్వుడు ఎడ్డీ తల్లి మార్గరెట్టుగారు. కుమారుని చూచుటకు వచ్చిన తల్లి ఇతరుల బిడ్డలకు తల్లి అయినది. ఇవ్వగల మిత్రుడు ఒక్కడైనను ఉన్నాడు గనుకనే, మిగిలినవారిలో ఏమి కొరతయో అజరయ్యకు తెలిసినది.

ఆ కొరత తీరిన సందర్భమొకటి మన రైలుమార్గముననే కలదు. ఉందానగరు స్టేషను శంషాబాదు ఊరిదే. తొలుత మేము చెప్పిన ఎన్. ఎన్. హీబర్టుగారి కుటుంబమునుండి రెండవ తరమువారు మరల తెలుగుదేశమునకు వచ్చిరి. ఆ యింట 1932 లో శంషాబాదులో జన్మించినవాడు పాల్ హీబర్టు. మన మట్టిలో ఆడుకొని పెరిగి, అమెరికాలో చదివి, ఫ్రాన్సిసు అను ఆమెను వివాహమాడి, 1960 లో భార్యాబిడ్డలతో మరల శంషాబాదునకే వచ్చినాడు. అనగా మూడవ తరము. బైబిలు పాఠశాలలో పనిచేయుచునే ఈ సీమలోని కొండూరు అను గ్రామమున కులములు, వృత్తులు, పండుగలు, తగవులు ఎట్లు నడచుచున్నవో పరిశీలించెను. ఆ గ్రంథము 1971 లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు ప్రచురించిరి. బోధింప వచ్చినవాడు వినుటకు కూర్చున్నాడన్నమాట.

ఆయనయే తరువాత వ్రాసిన ఒక సంగతి మాకు మరపురానిది. శంషాబాదు చేరువనున్న ముచ్చింతలలో మశూచి వచ్చెను. మైసమ్మకు కోపము వచ్చినదనియు, దున్నను బలి యియ్యవలెననియు, అందుకు ప్రతి యింటివారును చందా ఇయ్యవలెననియు ఊరిపెద్దలు నిర్ణయించిరి. క్రైస్తవ కుటుంబములు ఇయ్యమనిరి. ఊరికిని వారికిని మాట పెరిగెను. అంతలో ఆ క్రైస్తవ కుటుంబములలోని ఒక చిన్నపిల్లకే మశూచి సోకెను. వారి పెద్ద మైళ్ళు నడచి శంషాబాదు బడి గుమ్మమున నిలిచి, పిల్లకొరకు ప్రార్థన చేయుమని హీబర్టును అడిగెను. హీబర్టు ప్రార్థించెను, కాని లోలోపల ఏమి చెప్పుటకును తోచలేదట. సూక్ష్మక్రిముల శాస్త్రము తెలియును, వేదాంతము తెలియును. ఊరంతయు చూచుచున్న ఆ భయము నెదుట నిలువగల మాట మాత్రము తనయొద్ద లేదు.

వారము గడచినది. ఆ పెద్ద మరల వచ్చి, పిల్ల చనిపోయినదని చెప్పెను. హీబర్టు క్రుంగిపోయెను. అప్పుడు ఓదార్చినది ఎవరు? ఆ పల్లెటూరి పెద్దయే. పిల్ల బ్రతికియున్నచో మన దేవుని శక్తిని ఊరివారు ఒప్పుకొందురు, నిజమే. కాని ఆ పిల్లయైనను ఎన్నటికో ఒకనాటికి చావవలసినదే గదా. సమాధివద్ద మన ఆశను, మరల కలిసికొందుమన్న నమ్మకమును వారు కన్నులార చూచిరి, అది అంతకన్న గొప్పది అన్న భావముతో ధైర్యము చెప్పెను. ఎవరి విశ్వాసము వారిది. ఆ వాదములోనికి మేము పోము. ఇచ్చట గురువెవరు, శిష్యుడెవరు అన్నదే మేము శ్రోతల నడుగు ప్రశ్న. మూడు తరములుగా ఇచ్చుటకు వచ్చిన కుటుంబమునకు చెందినవాడు, ఆ దినమున పుచ్చుకొన్నాడు. పుచ్చుకొన్నానని దాచక వ్రాసినాడు. అజరయ్య అడిగిన స్నేహము ఇట్టిదే యని మాకు తోచుచున్నది.

1960 తరువాత విదేశపు మిషనరీలకు క్రొత్త అనుమతులు దొరకుట కష్టమాయెను. సంఘముల పాలన, బడులు, జడ్చర్ల ఆసుపత్రివంటి సంస్థలు తెలుగువారి చేతులలోనికి వచ్చినవి. దొరలు, దొరసానులు ఒకరొకరుగా వెడలిపోయిరి. పోయిన పిమ్మటనే స్నేహముల నిజస్వరూపము తేలినది. జీతముతో ముడిపడినవి జీతముతో ఆగిపోయెను. బియ్యమేరినచోట, పురిటిమంచముకడ, సమాధికడ పుట్టినవి ఉత్తరములలో, పెండ్లి శుభలేఖలలో, బిడ్డల బిడ్డలలో నిలిచెను. హీబర్టు 1974 లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పండితుడుగా మరల వచ్చెను. ఈసారి ఆయన వెనుక బంగళా లేదు, ఉద్యోగములిచ్చు అధికారము లేదు. ఆయన 2007 లో కాలధర్మము చెందెను.

ఇది గడచిన కథ యని రేడియో కట్టివేయనక్కరలేదు. 2008 నుండి ఆ శంషాబాదుననే పెద్ద విమానాశ్రయము నడచుచున్నది. నాడు పరదేశులు దిగిన ఊరినుండి నేడు మన బిడ్డలు పరదేశములకు ఎగిరిపోవుచున్నారు. నడిగడ్డ యూళ్ళనుండియు పోవుచున్నారు. కాన్సాసు తల్లి ఉత్తరము కొరకు ఎదురుచూచినట్లే, నేడు మన తల్లులు ఫోను మ్రోత కొరకు ఎదురుచూచుచున్నారు. వేసవి సెలవులకు వచ్చిన మనుమడు, “మా యింటికి ఎప్పుడు పోదము?” అని అడుగగా, తాతగారు చిన్నబోవుచున్నారు. ఆ పిల్లవాని తప్పేమి? వేపచెట్టు క్రింద పెరిగి కాన్సాసు మంచులో తెల్లబోయిన ఆనాటి బిడ్డకు ఈతడు వరుసకు తమ్ముడే.

కనుక మా మనవి ఇంతే. అట్టి మనుమడు ఇంటికి వచ్చినప్పుడు, వానికి రాని తెలుగును లెక్కించుటకు ముందు, వాని స్నేహితుల పేర్లు అడుగుడు. ఆ దేశమున తమ బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి యిచ్చిన పొరుగువారు ఎవరో అడుగుడు. మన బిడ్డలు అచ్చట ఇచ్చుచున్నది మాత్రమే గాక, పుచ్చుకొనుచున్నది కూడ ఏమో తెలిసికొనుడు. అట్లే, పాలమూరు సీమలో ఏ యింటనైనను పాత పెట్టె అడుగున విదేశపు తపాలాబిళ్ళతో ఒక జాబు దొరికినచో, బిళ్ళను మాత్రము చించుకొని జాబును పారవేయకుడు. దానిపై మానవపాడో, గద్వాలో, వనపర్తియో అని ఒక పరదేశపు చేయి తప్పులతోనైనను ప్రేమతో వ్రాసియుండును. ఆ తప్పులను దిద్దకుండ దాచుడు.